ఎడారిలో ఫోటోల ట్రిప్: చూడాల్సిన చోట్ల లిస్టు కాదు, ముందు వెలుగు లెక్క వేసుకోండి

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళకు వారం రోజులు సెలవు దొరికితే ముందుగా గుర్తొచ్చే ట్రిప్ లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో అమ్మానాన్నలు వెళ్ళినా పిల్లలు చాలాసార్లు అటే తీసుకెళ్తారు. ఎర్రటి కొండలు, గుర్రపు నాడాలా వంపు తిరిగిన నది, రాతి గోడల మధ్య పడే వెలుతురు... ఇవన్నీ ఫోన్‌లో చూసి చూసి కళ్ళకు అలవాటైపోయాయి. తీరా వెళ్ళొచ్చాక మాత్రం చాలామంది నోట వచ్చే మాట ఒకటే: చోటు అద్భుతం, ఫోటోలే అలా రాలేదు.

లోపం కెమెరాలో ఉండదు. ప్లాన్‌లో ఉంటుంది. మనం సాధారణంగా చోట్ల పేర్లు రాసుకుని, ఒకదాని తర్వాత ఒకటి గూగుల్ మ్యాప్‌లో కలిపేస్తాం. ఎడారిలో ఈ పద్ధతి పనికిరాదు. ఏ చోటికి ఏ వేళకు చేరాలి అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాతే రూటు గీయాలి. ఈ లెక్క సరిగ్గా వేసుకుంటే ఫోటోలతో పాటు డబ్బు, ప్రాణం కూడా భద్రంగా ఉంటాయి. ఎలాగో చూద్దాం.

రోజుకు రెండే అవకాశాలు

ఉటా, అరిజోనా, నెవాడా, న్యూ మెక్సికో రాష్ట్రాలు, కాలిఫోర్నియా తూర్పు అంచు కలిపి నైరుతి ఎడారి ప్రాంతం అంటారు. ఇక్కడి రాళ్ళలో ఇనుము ఆక్సైడ్ ఉంటుంది, ఎరుపు రంగు దానివల్లే. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ ఎరుపు మండుతున్నట్టు కనిపిస్తుంది, ప్రతి గీతా నీడతో తేలుతుంది. అదే మిట్టమధ్యాహ్నం పైనుంచి ఎండ పడితే నీడలు పోతాయి. రాయి పాలిపోతుంది, లోయ లోతు కూడా తెలియదు. అందుకే ఒకే చోట పొద్దున ఏడింటికి తీసిన ఫోటోకు, ఒంటిగంటకు తీసిన ఫోటోకు అంత తేడా.

అంటే రోజుకు మనకు దక్కేవి రెండే రెండు అవకాశాలు. సూర్యోదయం అటూ ఇటూ ఒక గంట, సూర్యాస్తమయం అటూ ఇటూ ఒక గంట. ఆరు రాత్రుల ట్రిప్ అంటే ఆరు సాయంత్రాలు, ఆరు ఉదయాలు, మొత్తం పన్నెండు. బడ్జెట్‌లో డబ్బు పంచుకున్నట్టే ఈ పన్నెండింటిని పంచుకోవాలి. మధ్యాహ్నాలు డ్రైవింగ్‌కి, తిండికి, నిద్రకి. పదిహేను చోట్లు పెట్టుకుంటే వాటిలో కొన్ని మధ్యాహ్నం ఎండలో చూడాల్సి వస్తుంది, వాటికి ఫోటోలు లేనట్టే.

వెలుగు ఎవరి కోసమూ ఆగదు. ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి పక్కనుంచి కారులో వెళ్తూ, ఆకాశంలో చంద్రుడు, కింద సమాధుల మీది శిలువలపై చివరి ఎండ చూసి బండి ఆపాడు. హడావుడిలో లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు ముందే తెలుసు కాబట్టి ఆ లెక్కతో ఒక ఫోటో తీశాడు. రెండోది తీసేలోపే శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్కటే 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' పేరుతో ఆయన అత్యంత ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటిగా నిలిచింది. అంతటి నిపుణుడికే దొరికిన సమయం అంత. మనం చోటికి చేరేసరికే ట్రైపాడ్ సిద్ధంగా ఉండాలి.

ఏ చోటికి ఏ వేళ

బ్రైస్ కాన్యన్: ఇక్కడ వేల సంఖ్యలో రాతి స్తంభాలు ఒక పెద్ద గిన్నెలో నిలబెట్టినట్టు ఉంటాయి. ప్రధాన వ్యూ పాయింట్లు తూర్పు వైపు చూస్తాయి కాబట్టి సూర్యోదయమే సరైన వేళ. సాయంత్రం వెళ్తే గిన్నె చాలావరకు నీడలో మునిగిపోతుంది.

మాన్యుమెంట్ వ్యాలీ: విజిటర్ సెంటర్ ముందు నిలబడితే మూడు పెద్ద రాతి కట్టడాల్లాంటి కొండలు తూర్పున కనిపిస్తాయి. పొద్దున సూర్యుడు వాటి వెనక లేస్తాడు, నల్లటి ఆకారాలు మాత్రమే వస్తాయి. సాయంత్రం ఎండ మన వెనకనుంచి వాటి మీద పడి ఎర్రగా వెలుగుతాయి. రెండూ బాగుంటాయి కాబట్టి ఒక రాత్రి అక్కడే ఉండటం మేలు.

హార్స్‌షూ బెండ్: పేజ్ పట్టణం దగ్గర కొలరాడో నది తిరిగే వంపు ఇది. మన కాళ్ళ కింద నది సుమారు వెయ్యి అడుగుల లోతులో ఉంటుంది. ఫోటో పశ్చిమం వైపు తీయాలి. సాయంత్రం ఆకాశం రంగులు బాగుంటాయి గానీ సూర్యుడు నేరుగా లెన్స్‌లోకి కొడతాడు, నది నీడలో ఉంటుంది. నీళ్ళ రంగు కావాలంటే పొద్దున కాస్త ఆలస్యంగా, లోయలోంచి నీడ తప్పుకున్నాక వెళ్ళాలి.

యాంటెలోప్ కాన్యన్: మధ్యాహ్నమే మంచిదయ్యే అరుదైన చోటు. సన్నటి రాతి చీలికలోకి పైనుంచి పడే వెలుగు గోడ నుంచి గోడకు తగులుతూ దిగి నారింజ, ఊదా రంగులు చూపిస్తుంది. ఎగువ భాగంలో కనిపించే ప్రసిద్ధ కాంతి స్తంభాలు మార్చి చివరి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా, అదీ మధ్యాహ్నం అటూ ఇటూ మాత్రమే.

జయాన్: ఎత్తైన గోడల మధ్య లోయ ఇది. ఎండ కిందికి ఆలస్యంగా దిగుతుంది, తొందరగా పోతుంది. అయితే ఎదురు గోడ మీద పడిన ఎండ తిరిగి నీడలోకి వెదజల్లే మెత్తటి వెలుగు చాలాసేపు ఉంటుంది. అందుకే ఇక్కడ పగలు కూడా పని జరుగుతుంది.

ఏ నెలలో వెళ్ళాలి

ఎడారి అనగానే మనకు రాజస్థాన్ గుర్తొస్తుంది, వేడి తప్ప ఇంకేమీ ఉండదనుకుంటాం. ఇక్కడ ఎత్తును బట్టి వాతావరణం మారిపోతుంది. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన ఉంది. అదే లోయలోని ఫర్నేస్ క్రీక్ దగ్గర 1913 జూలై 10న 134 ఫారన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది. మరోవైపు గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు సుమారు 7 వేల అడుగుల ఎత్తులో, బ్రైస్ 8 వేల అడుగుల పైన ఉంటాయి. అక్టోబర్‌లోనే బ్రైస్‌లో తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టే చలి వేస్తుంది. చలికాలంలో మంచు కురుస్తుంది.

ఈ తేడా తెలియకపోవడం ఎంత ప్రమాదమో మన సమాజానికి తెలుసు. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ మీద నడుస్తుండగా మంచు పలక విరిగి, అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ముగ్గురు నీళ్ళలో పడి చనిపోయారు. ఎడారి రాష్ట్రమే, కానీ ఆ చెరువు ఉన్నది ఎత్తైన అడవిలో. గడ్డకట్టిన నీటి మీద ఫోటో కోసం అడుగు పెట్టొద్దు, పిల్లలను పెట్టనివ్వొద్దు.

మొత్తం మీద మార్చి చివరి నుంచి మే మధ్య దాకా, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మొదటి దాకా అనుకూలం. డెత్ వ్యాలీకి మాత్రం చలికాలమే మంచిది. చలికాలానికి ఇంకో లాభం ఉంది. డిసెంబర్‌లో మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తుకు లేస్తే, గ్రాండ్ కాన్యన్ దగ్గర 30 డిగ్రీలకే పరిమితం. కాబట్టి మంచి వెలుగు ఎక్కువసేపు దొరుకుతుంది.

ఏడు రోజుల నమూనా

అక్టోబర్ మధ్యలో వెళ్తున్నారనుకుందాం. లాస్ వేగస్‌లో కారు తీసుకుని మళ్ళీ అక్కడే ఇచ్చేసే రూటు ఇది.

మొదటి రోజు లాస్ వేగస్ నుంచి జయాన్‌కి సుమారు 160 మైళ్ళు. అక్కడ రెండు రాత్రులు. మూడో రోజు మధ్యాహ్నం బ్రైస్‌కి, 85 మైళ్ళు. ఆ సాయంత్రం చోటు చూసి పెట్టుకుని, నాలుగో రోజు సూర్యోదయం తీసుకుని పేజ్‌కి బయల్దేరాలి, 150 మైళ్ళు. ఆ సాయంత్రం హార్స్‌షూ బెండ్. అయిదో రోజు పొద్దున మళ్ళీ అక్కడే నది కోసం, ఆ తర్వాత యాంటెలోప్ కాన్యన్, అది అవగానే 125 మైళ్ళ దూరంలోని మాన్యుమెంట్ వ్యాలీకి. ఆరో రోజు ఉదయం అక్కడే తీసుకుని, కామెరాన్ మీదుగా, తూర్పు గేటు నుంచి గ్రాండ్ కాన్యన్‌కి, 180 మైళ్ళు. సూర్యాస్తమయానికి డెజర్ట్ వ్యూ దగ్గర ఉండొచ్చు. మేరీ కోల్టర్ రూపొందించిన 1932 నాటి రాతి బురుజు అక్కడే ఉంది. ఏడో రోజు సూర్యోదయం చూసి లాస్ వేగస్‌కి, 280 మైళ్ళు.

మొత్తం దాదాపు వెయ్యి మైళ్ళు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద వెళ్ళినంత. ఇందులో గ్రాండ్ కాన్యన్ ఉత్తర అంచు లేదు. చలికాలంలో అది ఎలాగూ మూసేస్తారు. పైగా 2025 జూలైలో వచ్చిన కార్చిచ్చులో అక్కడి చారిత్రక లాడ్జ్ కాలిపోయింది.

గడియారంతో జాగ్రత్త

ఈ రూటులో చాలామంది టూర్ టైం మిస్సయ్యేది గడియారం వల్ల. వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు నెవాడా నుంచి ఉటాలోకి వెళ్తే గంట ముందుకు జరుగుతుంది. ఉటా నుంచి పేజ్‌కి వస్తే గంట వెనక్కి, ఎందుకంటే అరిజోనా వేసవి సమయం పాటించదు. పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తే మళ్ళీ గంట ముందుకు, ఎందుకంటే అది నవాహో నేషన్ భూమి, వాళ్ళు వేసవి సమయం పాటిస్తారు. గ్రాండ్ కాన్యన్‌కి వస్తే మళ్ళీ వెనక్కి. సరిహద్దుల దగ్గర ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది. టూర్ బుక్ చేసేటప్పుడే ఏ టైం అని అడిగి రాసుకోండి. అక్టోబర్ మధ్యలో పేజ్‌లో సూర్యోదయం సుమారు ఆరున్నరకు, అస్తమయం ఆరు లోపే.

అనుమతులు, మర్యాదలు

యాంటెలోప్ కాన్యన్‌లోకి సొంతంగా వెళ్ళే వీల్లేదు. నవాహో గైడ్‌తో, ముందు బుకింగ్‌తోనే. మామూలు టూర్లలో ట్రైపాడ్, బ్యాగ్ తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి ఐఎస్ఓ పెంచి చేతితోనే తీయడానికి సిద్ధపడాలి. 'ది వేవ్' అనే అలల్లాంటి రాతి కొండకు రోజుకు 64 మందికే అనుమతి, అదీ లాటరీలో. ఆన్‌లైన్ లాటరీకి నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. జయాన్‌లో వసంతం నుంచి నవంబర్ దాకా ప్రధాన లోయలోకి సొంత కార్లను అనుమతించరు, షటిల్ బస్సే. సూర్యోదయానికి మొదటి బస్సు సరిపోతుందో లేదో చూసుకోవాలి.

నేషనల్ పార్కుల్లో డ్రోన్ నిషేధం. పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, 5 వేల డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మాన్యుమెంట్ వ్యాలీలోనూ డ్రోన్ ఎగరేయొద్దు.

నవాహో భూమి టూరిస్టు స్పాట్ మాత్రమే కాదు, మనుషులు కాపురం ఉండే చోటు. ఇళ్ళను, మనుషులను అడగకుండా తీయకూడదు. పక్కనే ఉన్న హోపీ గ్రామాల్లో ఫోటోలు, వీడియోలు, చివరికి బొమ్మ గీయడం కూడా నిషేధం. మన వీధిలోకి ఎవరో వచ్చి కెమెరా పెడితే మనకెలా ఉంటుందో అలాగే.

డబ్బు లెక్క

జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడింటికీ కారుకు 35 డాలర్ల చొప్పున 105 అవుతుంది. 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకుంటే 25 మిగులుతుంది, ఏడాదంతా వేరే పార్కులకూ పనికొస్తుంది. అయితే 2026 జనవరి 1 నుంచి ఆ ధర అమెరికా నివాసులకు మాత్రమే, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ చూపించాలి. నివాసులు కానివారికి వార్షిక పాస్ 250 డాలర్లు. పాస్ లేకపోతే 11 ముఖ్యమైన పార్కుల్లో మామూలు టికెట్ మీద మనిషికి అదనంగా 100 డాలర్లు కట్టాలి. పైన చెప్పిన మూడు పార్కులూ ఆ పదకొండులో ఉన్నాయి. అంటే పాస్ లేకుండా ఇద్దరు మూడు పార్కులకు వెళ్తే అదనపు రుసుమే 600 డాలర్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నవాళ్ళు బయల్దేరే ముందే పార్క్ వెబ్‌సైట్‌లో నిబంధనలు చదువుకోవాలి.

ఈ పాస్ మాన్యుమెంట్ వ్యాలీ, యాంటెలోప్ కాన్యన్‌లలో చెల్లదు, అవి నవాహో వాళ్ళవి. హార్స్‌షూ బెండ్ పార్కింగ్ పేజ్ పట్టణానిది, అక్కడా చెల్లదు. కారు విషయంలో 25 ఏళ్ళ లోపు వాళ్ళకు చాలా కంపెనీలు రోజుకింతని అదనంగా వేస్తాయి. డ్రైవర్ వయసు చూసి కారు ఎవరి పేరు మీద తీసుకోవాలో నిర్ణయించుకోండి. లాస్ వేగస్ దాటాక హలాల్ గానీ, మన శాకాహారం గానీ దొరకడం కష్టం. చిన్న రైస్ కుక్కర్, పచ్చడి సీసా, ఐస్ బాక్స్ ఉంటే హోటల్ ఖర్చు బాగా తగ్గుతుంది.

కెమెరా సంగతి

మంచి ఫోన్ ఉన్నా సరిపోతుంది. కానీ చిన్నదైనా ట్రైపాడ్ ఉండాలి. ఆకాశం తెల్లగా, లోయ నల్లగా వచ్చే సమస్యకు ఒకే ఫ్రేమ్‌ను తక్కువ, మామూలు, ఎక్కువ వెలుగులతో మూడుసార్లు తీసి తర్వాత కలపడం తేలిక మార్గం. గాలిలో సన్నటి ఇసుక ఉంటుంది, బయట లెన్స్ మార్చొద్దు. చలికి బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఇంకొకటి లోపలి జేబులో పెట్టుకోండి.

రాత్రి ఆకాశం ఈ ట్రిప్‌లో అదనపు లాభం. బ్రైస్, గ్రాండ్ కాన్యన్, డెత్ వ్యాలీలకు చీకటి ఆకాశపు పార్కులుగా అంతర్జాతీయ గుర్తింపు ఉంది. పాలపుంత నడిబొడ్డు మార్చి నుంచి అక్టోబర్ దాకా కనిపిస్తుంది. అమావాస్య అటూ ఇటూ తేదీలు ఎంచుకోవాలి. f/2.8 లెన్స్, ఐఎస్ఓ 3200, 20 సెకన్లతో మొదలుపెట్టి చూసి మార్చుకోండి.

ఫోటో కంటే ముందు ప్రాణం

1997 ఆగస్టు 12న దిగువ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది టూరిస్టులు ఆకస్మిక వరదలో చనిపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ళ దూరంలో. ఎడారి రాయి నీటిని పీల్చుకోదు, పడిందంతా సన్నటి చీలికల్లోకి పరుగెత్తుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఇక్కడ వానాకాలం. మన తలపై ఆకాశం నీలంగా ఉన్నా, హెచ్చరిక ఉంటే చీలికల్లోకి దిగొద్దు. టూర్ రద్దు చేశారని గైడ్‌తో వాదించొద్దు.

అంచుల దగ్గర కనీసం ఆరు అడుగుల దూరం పాటించమని పార్క్ సిబ్బంది చెబుతారు. గ్రాండ్ కాన్యన్‌లో చాలాచోట్ల, హార్స్‌షూ బెండ్‌లో ప్రధాన వ్యూ పాయింట్ దాటాక రెయిలింగ్ ఉండదు. వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీయడం మానేయాలి. వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోయ లోపలికి నడవొద్దు. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు కారులో ఉండాలి. ట్యాంక్ సగానికి రాగానే పెట్రోల్ పోయించుకోండి. నవాహో భూమిలో రాత్రిళ్ళు పశువులు రోడ్డు మీదికి వస్తాయి. అందుకే సూర్యాస్తమయం ఫోటో ఎక్కడ తీస్తారో రాత్రి బస ఆ దగ్గర్లోనే ఉండేలా చూసుకోవాలి.

కాబట్టి ప్లాన్ వేసే వరుస ఇదీ: ముందు నెల, తర్వాత చంద్రుడు, తర్వాత పన్నెండు అవకాశాలకు చోట్లు, ఆపై అనుమతులు, గదులు, చివరగా కారు. మ్యాప్‌లు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడిచి వెళ్ళొద్దు, కారు దగ్గరే ఉండండి. రోజువారీ రూటు, హోటల్ పేర్లు ఇంట్లోవాళ్ళకు పంపండి. ఏ రోజు ఫోన్ కలవకపోవచ్చో కూడా ముందే చెప్పండి, ఇక్కడ అమ్మ రాత్రంతా మేలుకుని కంగారు పడకుండా ఉంటుంది.